ప్రతీకవాదం అనే మాటలో "ప్రతీక" అంటే ఏమిటి?

ప్రశ్న: చిత్రకళలో సింబలిజం గురించి చదువుతున్నానండీ. తెలుగులో ప్రతీకవాదం అంటున్నారు. పావురం శాంతికి, తక్కెడ న్యాయానికి ప్రతీకలు. ఇవి ఎప్పటినుంచో ఉన్నవే కదా, 1880లలో ఫ్రాన్సులో కొత్తగా వచ్చిందేమిటి?

జవాబు: పావురం, శాంతి లాంటి జతలనే ఆ సింబలిస్టులు వద్దనుకున్నారండీ. కవి మలార్మే 1891లో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట చూడండి. వస్తువు పేరు చెప్పేస్తే పద్యంలోని ఆనందం నాలుగింట మూడొంతులు పోతుందట, సూచించాలే తప్ప చెప్పకూడదట. ఈ ఉద్యమం ముందు కవుల్లోనే మొదలైంది. వాళ్ళందరి మీదా ముందుతరం ఫ్రెంచి కవి బోదలేర్ ప్రభావం ఉంది. వాళ్ళలో ఒకడైన కవి మొరెయాస్ 1886 సెప్టెంబరు 18న ఫిగారో పత్రికలో ఈ ఉద్యమం మేనిఫెస్టో రాశాడు. చిత్రకళ తరఫున వాదించింది విమర్శకుడు ఓరియే, 1891లో చిత్రకారుడు గొగాన్ మీద రాసిన వ్యాసంలో.

చిత్రకారులు అంతకుముందే ఆ దారిలో ఉన్నారు. గుస్తావ్ మొరో 1876లో సలోమే బొమ్మ ప్రదర్శించాడు. సలోమే తన నాట్యానికి బహుమతిగా అడిగి నరికించిన యోహాను తల రక్తం కారుతూ, కాంతివలయంతో గాల్లో తేలుతుంటుంది. సలోమే దానివైపు చెయ్యి చాపుతుంది, పక్కనున్నవాళ్ళకి అది కనిపిస్తున్నట్టే లేదు. కథ బైబిల్‌దే, గాల్లో తేలే తల మాత్రం మొరోది.

నాకు ఇంకా ఇష్టమైనది చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ 1882లో అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పోకి అంకితమిచ్చిన లితోగ్రాఫుల్లో (రాతి మీద గీసి అచ్చువేసే బొమ్మల్లో) మొదటిది. అంతా నలుపు తెలుపే. ఆకాశంలో ఒక బెలూన్ లేస్తోంది. ఆ బెలూనే ఒక పెద్ద కన్ను, కనుగుడ్డు పైకి తిరిగి ఉంది. బుట్ట ఉండాల్సిన చోట పళ్ళెం లాంటిది, అందులో ఒక తల. కింద చీకటి నీళ్ళు, ఒడ్డున ఏదో మొక్క. కన్ను అంటే ఆత్మా? దేవుడా? ఏ జవాబు ఇచ్చినా బొమ్మలో ఇంకా మిగిలిపోతుంది. ఆ మిగిలేదాన్నే వీళ్ళు ప్రతీక అన్నారు.

ప్రశ్న: అయితే ధ్వనివాదం అనేస్తే పోలా? కావ్యానికి ప్రాణం సూచనగా తోచే అర్థమే, అంటే ధ్వనే అని. ఆనందవర్ధనుడు చెప్పింది ఇదేగా మాస్టారూ.

జవాబు: దగ్గరే. కానీ "గంగలో పల్లె" అన్న పాత ఉదాహరణ తీసుకోండి. నదిలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం, ఆపైన ఇంకేదో తోస్తుంది. చల్లదనం, పవిత్రత అని సహృదయులందరూ ఒకే చోటికి చేరతారు. రెడాన్ బొమ్మ ముందు అలా చేరరు. పైగా ధ్వని అనగానే వ్యంగ్యం (వెటకారం కాదు, సూచనగా తోచే అర్థం), రసం అంటూ అలంకారశాస్త్రమంతా వెంట వస్తుంది, కొత్తగా చదివేవాళ్ళకి అదో టెన్షన్. ప్రతీకవాదమే ఉండనివ్వండి, సంకేతవాదం అని మాత్రం వద్దు. సంకేతానికి అర్థం ముందే ఒప్పుకుని ఉంటుంది.

ప్రశ్న: దీని ప్రభావం తర్వాత ఎవరి మీద పడింది?

జవాబు: మొరో 1892 నుంచి పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే కళాశాలలో పాఠాలు చెప్పాడు. చిత్రకారులు మతీస్, రువో ఆయన శిష్యులే. గురువులా గీయమని ఆయన ఎవరినీ బలవంతపెట్టలేదు, అందుకే మతీస్ రంగులు అంత దూరం వెళ్ళగలిగాయి. 1898లో మొరో పోయాక ఆయన ఇల్లు మ్యూజియం అయింది, దాన్ని మొదట చూసుకున్నది రువోనే. పారిస్ వెళ్ళేవాళ్ళుంటే తప్పకుండా చూడండి.