అప్‌డేట్: ఆ ఈల పాట దొరికింది

ఒక పాటలో ఈల ట్యూన్ తప్ప ఒక్క మాటా గుర్తులేదు, అది ఏ బ్యాండో చెప్పమని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. స్వీడన్ బ్యాండ్ పీటర్ బ్యోర్న్ అండ్ జాన్. పాట 'యంగ్ ఫోక్స్', ఆల్బమ్ 'రైటర్స్ బ్లాక్' (2006). సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసింది గూగుల్ యాప్ సూచనే: మైక్ నొక్కి, పాట వెతికే బటన్ ఎంచుకుని, 10-15 సెకన్లు ఈల వేయాలి. శ్రుతి తేడా ఉన్నా పర్వాలేదు, స్వరాల నడక సరిపోతే చాలు. పాటల్ని గుర్తుపట్టే యాప్ షజామ్ పోల్చేది అసలు రికార్డింగ్‌తో, అందుకే మన ఈలకి పలకలేదు.

పాటలో ఆడగొంతు ఉంది కాబట్టి గాయని ఉన్న బ్యాండ్‌లు వెతకమన్న సలహా పక్కదారి పట్టించింది. బ్యాండ్‌లో ముగ్గురూ మగవాళ్లే. ఆ గొంతు అతిథిగా పాడిన విక్టోరియా బర్గ్స్‌మన్‌ది. ఈల కూడా మొదట వేరే వాయిద్యం కోసం జాగా పట్టి ఉంచినదేనట!

ఆల్బమ్‌ని షఫుల్‌లో పెట్టకండి. కొన్ని సెకన్ల మొదటి ట్రాక్ అవగానే 'అబ్జెక్ట్స్ ఆఫ్ మై అఫెక్షన్'లో డ్రమ్స్ దంచేస్తాయి, వెంటనే మూడో ట్రాక్‌గా మన ఈల. 'అప్ అగైనెస్ట్ ది వాల్' మాత్రం సాగుతుంది, కాస్త ఓపిక పట్టాలి.