ఇంజిన్‌కి వేడి గాలి అందిస్తే మైలేజ్ పెరుగుతుందా? మన ఎండల్లో ఇది సేఫేనా?

గుంటూరు_పెట్రోల్:
నాది టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని 1.2 లీటర్ల పెట్రోల్ కారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికి పోయే గొట్టం) పక్క నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి ఒక పైపు వేసి వేడి గాలి అందిస్తే మైలేజ్ పెరుగుతుందని నా గట్టి నమ్మకం. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో ఆక్సిజన్ దాదాపు 8 శాతం తక్కువ. కాబట్టి అదే స్పీడులో వెళ్లాలంటే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిని తెరిచి మూసే రెక్క) ఇంకాస్త తెరుచుకోవాలి. సన్నటి సందులోంచి గాలి లాగడానికి ఇంజిన్ పడే శ్రమ, అంటే పంపింగ్ లాస్, ఆ మేరకు తగ్గుతుంది. అమెరికా ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది: 25 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే మైనస్ 7 చలిలో పెట్రోల్ కారు సిటీ మైలేజ్ సుమారు 15 శాతం పడిపోతుంది. మరి అందరూ చల్లగాలే మంచిదని ఎందుకంటారు?

హనుమకొండ_మెకానిక్:
పంపింగ్ లాస్ సంగతి నిజమే అన్నా. కానీ ఆ 15 శాతాన్ని ఇన్‌టేక్ గాలి (ఇంజిన్ పీల్చే గాలి) ఖాతాలో వేయకండి. అంత చలిలో ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అప్పటిదాకా పెట్రోల్ ఎక్కువ పోతుంది, టైర్లలో గాలి తగ్గుతుంది.

మన దగ్గర మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటి గాలే 45 డిగ్రీలు. దాన్ని ఇంకా వేడి చేస్తారా? గాలిని పదో వంతుకి నొక్కే ఇంజిన్‌లో, ఇన్‌టేక్ దగ్గర 25 డిగ్రీలు పెరిగితే కంప్రెషన్ చివర లోపల 50 డిగ్రీలకు పైనే పెరుగుతుంది. అప్పుడు మంట చేరకముందే మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. నాకింగ్ అంటే అదే. అది ఆపడానికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి తీస్తుంది, అంటే ప్లగ్ నిప్పురవ్వని కాస్త ఆలస్యంగా వేయిస్తుంది. టైమింగ్ వెనక్కి వెళ్తే పవర్ తగ్గుతుంది, మీరు యాక్సిలరేటర్ ఇంకా నొక్కుతారు. హైవే మీద మిగిల్చింది ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పోతుంది.

గుంటూరు_పెట్రోల్:
హైవేలో 80 మీద నిలకడగా వెళ్తుంటే లోడ్ తక్కువ, నాకింగ్ రాదు. నా ప్రయాణం ఎక్కువగా అదే. పైగా నాక్ సెన్సర్ ఉంది కదా, ప్రమాదం ఏముంది?

వైజాగ్_డీజిల్:
నాది డీజిల్. మా ఇంజిన్లలో పవర్‌ని థ్రాటిల్‌తో కాదు, పోసే డీజిల్‌తో అదుపు చేస్తారు. అందుకే మీరు చెప్పే లాభం మాకు దాదాపు లేదు. వేడి గాలి వస్తే మిగిలేది పొగ, పెరిగే ఎగ్జాస్ట్ వేడి. టర్బో నొక్కిన గాలి 100 డిగ్రీలు దాటగలదు, దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్ పెట్టారు.

చల్లగాలి పేరుతో జరిగే తప్పులు కూడా చెప్పాలి. బానెట్ కింద ఓపెన్ ఫిల్టర్ బిగిస్తే ట్రాఫిక్‌లో అది రేడియేటర్ వేడినే పీలుస్తుంది. కంపెనీ పైపు చాలా కార్లలో ముందు నుంచి బయటి గాలినే తెస్తుంది, దాన్ని పీకడం దేనికి? ఇక పైపుని బంపర్ కిందికి దించడం మరీ ప్రమాదం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది గుర్తుందిగా. అలాంటి నీళ్లలో బండి నడిపితే ఇన్‌టేక్ నీరు పీలుస్తుంది. నీరు గాలిలా నొక్కుకోదు, పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే మామూలుగా ఇన్సూరెన్స్ కూడా రాదు.

హనుమకొండ_మెకానిక్:
మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం.

అన్నా, నాక్ సెన్సర్ నాకింగ్ మొదలయ్యాకే పట్టుకుంటుంది. ముందే జాగ్రత్తపడేది ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్. నాకు అసలు భయం దాన్ని మోసం చేసే చిప్‌లతోనే. ‘పవర్ చిప్’ అని అమ్మేవాటిలో కొన్ని ఒక్క రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క) మాత్రమే. గాలి వేడెక్కితే ఈ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. మధ్యలో రెసిస్టర్ పెడితే గాలి చల్లగా ఉందని ఈసీయూ నమ్మి టైమింగ్ ముందుకు జరుపుతుంది. మామూలు నడకలో పెట్రోల్ పాళ్లను ఆక్సిజన్ సెన్సర్ సరిచేస్తుంది, టైమింగ్‌ని మాత్రం అది సరిచేయలేదు. నాకింగ్ ఆగకుండా సాగితే పిస్టన్ అంచులు విరుగుతాయి, రింగులు పోతాయి. దయచేసి ఎవరూ కొనకండి.

గుంటూరు_పెట్రోల్:
రెసిస్టర్ జోలికి నేను వెళ్లను. కానీ కార్బ్యురేటర్ రోజుల్లో కంపెనీలే వేడి గాలి పైపు ఇచ్చేవిగా?

హనుమకొండ_మెకానిక్:
ఇచ్చేవి. చలిలో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కావడానికి, కార్బ్యురేటర్‌లో మంచు కట్టకుండా ఉండటానికి. వాటిలో చాలావాటికి గాలి వేడెక్కగానే మూసుకునే ఫ్లాప్ ఉండేది. మీ పైపుకి అది లేదు.

గుంటూరు_పెట్రోల్:
సరే, ఎండాకాలంలో పెట్టను. డిసెంబర్‌లో లంబసింగి వైపు వెళ్లేటప్పుడు పెట్టి చూస్తాను. లాభం ఉంటుందనే ఇప్పటికీ నా మాట.

హనుమకొండ_మెకానిక్:
చూడండి. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని రీడింగ్‌లు చూపించే పరికరం) తగిలించి గాలి టెంపరేచర్, టైమింగ్ రెండూ రాసుకోండి, అదే దారిలో పైపు లేకుండా కూడా ఒకసారి నడపండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: మానిఫోల్డ్ వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. ప్లాస్టిక్ పైపు అస్సలు వాడకండి. ఏ పైపైనా ఫిల్టర్‌కి ముందే కలవాలి, వెనక కలిపితే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.