బొమ్మలోని ‘మూడ్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1875లో గీసిన, గొడుగు పట్టుకున్న స్త్రీ చిత్రం గురించి రాస్తున్నాను. దాని ‘మూడ్’కి తెలుగు మాట దొరకడం లేదు. ‘భావం’ అంటే కవిత్వం గురించి చెప్పినట్టుంది, ‘వాతావరణం’ అంటే వానా ఎండా గుర్తొస్తున్నాయి.

జవాబు: ‘ఛాయ’ అనండి. ఈ మాట నాకు చాలా ఇష్టం. ఛాయ అంటే నీడ. చామనఛాయ అన్నప్పుడు అదే రంగు. ‘ముఖంలో విషాదఛాయలు’ అన్నప్పుడు అదే మనసు. నీడ, రంగు, మనసు ఒక్క మాటలో ఇమిడిపోయాయి.

ఇప్పుడు ఆ బొమ్మ చూడండి. వెలుగు ఆమె వెనక నుంచి వస్తోంది. తెల్ల గౌను నీడపట్టున నీలంగా మారింది. గడ్డి మీద పడ్డ నీడలోనూ రంగులున్నాయి. మోనేలాంటి ఇంప్రెషనిస్టులు, అంటే క్షణక్షణం మారే వెలుగుని గీసిన చిత్రకారులు, నీడని ఉత్త నలుపుతో వదిలెయ్యలేదు, అందులో నీలాన్నీ ఊదానీ చూశారు. వాళ్ళు కుంచెతో పట్టుకున్నది మన మాటలో ముందే ఉంది. ‘నీడ’ అంటే ఇంత రాదు, అందులో రంగు లేదు.

ప్రశ్న: మరి ప్రతీకల సంగతి? ఆమె ముఖం మీద గాలికి ఎగిరే మేలిముసుగు ఉంది. పిల్లవాడు గట్టుకి అవతల, నడుము దాకానే కనిపిస్తున్నాడు. ఇది ఎడబాటుకి ప్రతీక అని రాశాను.

జవాబు: అక్కడ నేను ఒప్పుకోను. ఆమె మోనే భార్య కమీల్, ఆ అబ్బాయి వాళ్ళ కొడుకు. కమీల్ 1879లో చనిపోయింది. అది తెలిసి చూస్తే ఆ ముసుగు మన గుండెని పట్టేస్తుంది, నిజమే. కానీ గీసేనాటికి ఆయనకి అది తెలియదు కదా! ప్రతీక అన్నామంటే చిత్రకారుడు కావాలని పెట్టాడని అర్థం వస్తుంది. ఇక్కడ సరైన మాట ‘స్ఫురణ’. ఎడబాటు మనకి స్ఫురిస్తుంది, అంతవరకే.

ఇంకొకటి, దయచేసి ‘విషాదఛాయ’ అని మాత్రం రాయకండి. బొమ్మనిండా ఎండ, గాలి. ఆమె నడుస్తూ నడుస్తూ ఒక్క క్షణం మనవైపు చూసినట్టుంది.

ప్రశ్న అడిగినవారు: వాక్యం మార్చాను. ‘ఎండ ఛాయలో నిలిచిన క్షణం, ఎడబాటు మనకి స్ఫురించేది తర్వాత.’ ‘ఎండ ఛాయ’ పొసగుతుందా?

జవాబు: ఎందుకు పొసగదు? ఛాయకి కాంతి అనే అర్థం కూడా ఉంది. అలాగే ఉంచండి.