పన్నెండు గూళ్లూ ఒకే కాలనీ అని జన్యు మార్కర్లతో తేల్చవచ్చా?

మట్టిబాట: ఒకే జాతి చీమల గూళ్లు పన్నెండింటి నుంచి శ్రామిక చీమలను సేకరించి, పది మైక్రోశాటిలైట్ స్థానాల (డీఎన్ఏలో ఒక చిన్న తునక పదేపదే వస్తూ, పొడవు చీమకూ చీమకూ మారగల చోట్లు; ఇవే మా మార్కర్లు) వద్ద పరీక్షించాము. గూళ్ల మధ్య చెప్పుకోదగిన జన్యు భేదం కనిపించలేదు కాబట్టి ఇవన్నీ ఒకే కాలనీ అని రాయవచ్చునని నా అభిప్రాయం. మూడో గూట్లో దొరికిన రాణి ఒక్కతే. ఒక స్థానం వద్ద ఆమెకు 180, 186 పొడవుల రెండు రూపాలు ఉండగా, శ్రామిక చీమల్లో కొన్ని 180/180గా, కొన్ని 186/186గా వచ్చాయి. ఆమె రెండు మగచీమలతో జతకట్టిందని దీన్నిబట్టి అనుకుంటున్నాను. మా బృందంలో ఒకరు ఈ రెండు నిర్ణయాలూ తొందరపాటు అంటున్నారు.

గునపం: నాదీ అదే మాట. రాణి కొన్ని శ్రామిక చీమలతో విడిపోయి పక్కనే కొత్త గూడు పెట్టుకునే జాతుల్లో, మొన్న వేరుపడిన రెండు కాలనీల జన్యువులు కొన్ని తరాల పాటు ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. అవి నేడు ఆహారం పంచుకుంటున్నాయో, ఎదురుపడితే కరుచుకుంటున్నాయో మీ జన్యు ఫలితాల పట్టిక చెప్పదు. మూడో గూటి చీమను ఏడో గూటి వాకిట్లో వదిలి, అక్కడివి దాన్ని తడిమి లోపలికి రానిస్తాయో, కాలు పట్టుకొని ఈడుస్తాయో చూడండి.

సమయుగ్మజం: అంతకంటే ముందు తేలవలసినది ఒకటుంది. శూన్య యుగ్మవికల్పకాలు, అంటే ఉండి కూడా పరీక్షలో కనబడని జన్యు రూపాలు, ఉన్నాయేమో చూశారా? మగచీమ ఫలదీకరణం చెందని గుడ్డు నుంచి పుడుతుంది కనుక దానికి క్రోమోజోములు జతలుగా ఉండవు, ఒక్కోదానికి ఒకే ప్రతి ఉంటుంది. కూతుళ్లందరికీ అదే యుగ్మవికల్పకం అందుతుంది. తండ్రిది 192 అయితే కూతుళ్లు 180/192గానో 186/192గానో రావాలి. అతని యుగ్మవికల్పకానికి ప్రైమర్ (పరీక్షలో ఆ స్థానాన్ని పట్టుకొని నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ తునక) అతుక్కోకపోతే తల్లిది మాత్రమే కనబడి, కూతుళ్లు 180/180, 186/186 అన్నట్టు అనిపిస్తాయి. మీకు వచ్చిన ఫలితం సరిగ్గా అదే.

వేసవిగాలి: రాణి శుక్రకోశంలో నిల్వ ఉన్న వీర్యాన్ని కూడా అదే స్థానం వద్ద పరీక్షిస్తే తండ్రి సంగతి కొంతవరకు తెలుస్తుంది.

సమయుగ్మజం: అక్కడా అదే ప్రైమర్ వాడితే అదే శూన్యం వస్తుంది. ప్రైమర్ మార్చి చేయాలి.

మట్టిబాట: ఆ ఒక్క స్థానాన్ని పక్కన పెట్టినా మిగతా తొమ్మిదీ ఉన్నాయి. ఇక గునపం గారూ, మార్కర్లు ప్రవర్తనను చెప్పలేవనడం సరికాదు. ఎర్ర నిప్పుచీమలో జీపీ-9 అనే జన్యువు దగ్గర ఒకే రాణి ఉండే కాలనీల శ్రామిక చీమలు బీబీగా, అంటే రెండు ప్రతులూ పెద్ద బీ రూపంగా, ఉంటాయి. చిన్న బీ రూపం కూడా ఉన్న కాలనీలు అనేక రాణులను సహిస్తాయి. ఆ జన్యువు ఆరు వందలకు పైగా జన్యువులున్న, పునస్సంయోజనం (జత క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి) ఆగిపోయిన క్రోమోజోము భాగంలో ఉందని 2013లో వెల్లడైంది. అంత లోతుకు గునపం దిగదు.

గునపం: ఆ కాలనీల్లో బీబీ రాణులను శ్రామిక చీమలు చుట్టుముట్టి చంపడాన్ని ఎవరో కూర్చొని కళ్లతో చూశారు కాబట్టే ఆ జన్యువుకు అర్థం వచ్చింది. మీ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పన్నెండు గూళ్లూ ఒకే కాలనీ అయితే చీమలు అటూ ఇటూ తిరుగుతాయి. అప్పుడు మూడో గూటి శ్రామిక చీమలన్నీ ఆ రాణి కూతుళ్లేనని ఎలా అన్నారు? మొదటిది నిజమైతే రెండోదానికి ఆధారం పోతుంది.

నా మాట ఘాటుగా ఉంటే దానికి కారణముంది. రెండు వేసవులు గూళ్లు తవ్వి, ప్రతి గదినీ కొలిచి, రాణులను ఒక్కొక్కటిగా లెక్కించి రాసిన నా వ్యాసాన్ని ఒక పత్రిక జన్యు సాక్ష్యం లేదన్న ఒక్క వాక్యంతో తిప్పి పంపింది. గూడు ముందు గడిపిన గంటలకు విలువే లేదా?

సమయుగ్మజం: మీ శ్రమను తక్కువ చేయడం లేదు, కాని ఆ వాక్యంలో న్యాయముంది. గూట్లో నాలుగు రాణులు కనిపించినా నాలుగూ గుడ్లు పెడుతున్నాయని కాదు. పిల్లల జన్యువులు చూడనిదే తల్లులెందరో తెలియదు.

గునపం: నేను గుడ్లు పెట్టే రాణుల సంఖ్య గురించి రాయనే లేదు! ఎన్ని రాణులు కలిసి బతుకుతున్నాయో రాశాను. అడగని ప్రశ్నకు జవాబు లేదని తప్పుపట్టడం అన్యాయం కాదా?

నీలిరంగు: అర్జెంటీనా చీమ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదే!

మట్టిబాట: ఎత్తవలసిందే. దక్షిణ యూరప్‌లో ఇటలీ నుంచి స్పెయిన్ అట్లాంటిక్ తీరం దాకా 6000 కిలోమీటర్ల మేర ఒకే మహాకాలనీ ఉందని 2002లో ప్రచురించారు. దూరపు గూళ్ల చీమలను ఎదురెదురుగా పెట్టినా పోట్లాడుకోలేదు. కాని ఒకే గూటిలోని చీమల మధ్య బంధుత్వం (జన్యువులు ఎంత మేర ఉమ్మడిగా ఉన్నాయన్న కొలత) లెక్కిస్తే దాదాపు సున్నా. రాణి ఒక్కతే ఒక్క మగచీమతో జతకట్టిన గూట్లో అక్కచెల్లెళ్ల మధ్య అది 0.75. సున్నా దగ్గర కుటుంబమే లేదు. కుటుంబం లేనిచోట కాలనీ అనే మాట వాడడానికి నాకు మనసొప్పదు.

గునపం: ఇన్ని జవాబుల తరువాత అసలు విషయం బయటపడింది. మీకు కాలనీ అంటే కుటుంబం; నాకు కాలనీ అంటే ఒక చీమ నోటి నుంచి మరో చీమ నోటికి ఆహారం చేరే మేర. ఆ 6000 కిలోమీటర్లలో చీమలు ఒకదాన్నొకటి పరాయిగా చూడకపోవడమే నాకు ముఖ్యం. మీ పన్నెండు గూళ్ల విషయంలో ఎన్ని స్థానాలు పరీక్షించినా ఈ తేడా తీరదు.

మట్టిబాట: ఒప్పుకుంటాను, వ్యాసంలో నేను ఏ అర్థంలో కాలనీ అంటున్నానో మొదటి పేరాలోనే రాస్తాను. రెండు తండ్రుల వాక్యాన్ని తీసివేస్తున్నాను. ఒక గూటి చీమలకు రంగు చక్కెరనీళ్లు పెట్టి, ఆ రంగు పక్క గూళ్ల చీమల పొట్టల్లో కనిపిస్తుందేమో చూస్తాను. అయినా మార్కర్లతో వచ్చిన బంధుత్వపు లెక్కను అనుబంధంలోకి నెట్టను.

సమయుగ్మజం: ఆ లెక్క వేసే ముందు ప్రైమర్ మార్చండి.