నైట్‌బ్లేడ్‌కు రెండో బార్‌ల ఏం పెట్టాలె? జర చెప్పుండ్రి
అన్నలూ, ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ గేమ్ ఈ మధ్యనే షురూ చేసిన, హన్మకొండల మా రూమ్‌ల ముగ్గురం కలిసే ఆడుతున్నం. నాది నైట్‌బ్లేడ్ క్లాస్, మొన్న లెవెల్ 15 అయింది, రెండో వెపన్ బార్ (ఆయుధం, స్కిల్స్ పెట్టుకునే ఇంకో సెట్) ఓపెన్ అయింది గని అండ్ల ఏం పెట్టాలెనో సమజైతలేదు. ముందు బార్‌ల రెండు కత్తులున్నయ్, వెనుక విల్లు పెడ్దామంటే మా దోస్తుగాడు డిస్ట్రక్షన్ స్టాఫ్ (మంత్రాలతోని కొట్టే కర్ర) పెట్టుమంటడు, నా స్కిల్స్ అన్నీ స్టామినా (ఒంటి బలం) ఖర్చయ్యేవే, స్టాఫ్‌తోని హెవీ అటాక్ కొడితే తిరిగొచ్చేది మ్యాజికా (మంత్రశక్తి) గద, నాకేం ఫాయిద?

ఇంక వాడేమో టెంప్లర్, హీలింగ్ నేనే జేస్త అంటడు గని ఆ రెండు చేతుల గొడ్డలి మాత్రం ఇడువడు. ఆనికి రెస్టరేషన్ స్టాఫ్ (హీలింగ్ చేసే కర్ర) ఎట్ల పట్టియ్యాలె? మూడోడు డ్రాగన్‌నైట్, కత్తి-డాలు, ఆనితోని లొల్లి లేదు. ఏ క్లాస్‌కైనా ఏ ఆయుధమైనా నడుస్తది, గదే పరేషాన్. తెలిసినోళ్లు చెప్పుండ్రి, విల్లా స్టాఫా?