ఇల్లు ముందే మార్చాలా, మనిషి వచ్చాక మార్చాలా?

చర్చకు పెట్టిన ప్రశ్న

రోడ్డు ప్రమాదంలో మా అన్నయ్యకు నడుము దగ్గర వెన్నెముక విరిగింది. ఆపరేషన్ అయింది, మరో మూడు వారాల్లో ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పారు. కాళ్లలో కదలిక కొద్దికొద్దిగా వస్తోంది గానీ, ఇంటికి వచ్చేనాటికి వీల్‌చైరు తప్పదు. వాళ్ల పడకగది మేడ మీద ఉంది. ఆయన వచ్చేలోగానే కింద హాల్లో మంచం వేయించి, స్నానాలగది పగలగొట్టి మళ్లీ కట్టించి, వాకిట్లో ర్యాంపు పోయించాలని నేనంటున్నాను. ఆయన వచ్చి చూసి చెప్పేదాకా ఒక్క మేకు కూడా కొట్టవద్దని మా వదినగారు అంటున్నారు. ఇద్దరం ఆయన మేలు కోరే మాట్లాడుతున్నాం కాబట్టి వాదన తెగడం లేదు. ఈ దారిలో నడిచినవారు కారణంతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

తల్లికి సేవ చేసిన ఒకరు

ముందే మార్చాలి, ఇందులో నాకు సందేహం లేదు. మా అమ్మకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత వాకరుతో ఇంటికి వచ్చింది. అవసరాన్ని బట్టి చూసుకుందాంలే అనుకున్నాము. స్నానాలగది తలుపులో వాకరు పట్టలేదు. దాన్ని బయటే వదిలి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, కమోడు మీద నుంచి లేచేటప్పుడు తువ్వాలు వేసే కడ్డీని ఊతగా పట్టుకుంది. రెండు చిన్న మరలతో టైలుకు బిగించిన ఆ కడ్డీ ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆమె తలుపుకు అడ్డంగా పడిపోయింది. తలుపేమో లోపలికి తెరుచుకునేది. తోస్తే ఆమెకే తగులుతుందని తెలిసి, లోపల మూలుగు వినబడుతుండగా నేను బయట చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. చివరికి కిటికీ రెక్కలు ఊడదీసి లోపలికి దిగాము. ఆ తలుపును బయటికి తెరుచుకునేలా మార్చడం వడ్రంగికి ఒక్క పూట పని, ఆ పూటను మేము కేటాయించుకోలేదు.

ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (దెబ్బ తగిలినవారు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తోడ్పడేవారు)

నేను పనులను రెండుగా విడదీస్తాను. రేపు వద్దనుకుంటే విప్పి తీసేయగలిగినవి మనిషి రాకముందే చేయించాలి. గోడ పగలగొడితే గాని కుదరనివి, ప్రాణాపాయం లేనంతవరకు, కొన్ని నెలలు ఆపాలి. వెన్నెముక దెబ్బ తరువాత కండరాల బలం తిరిగి రావడం తొలి ఆరు నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కాళ్లలో కదలిక మొదలైందని మీరే రాశారు. ఇవాళ వీల్‌చైరు ఎత్తుకు కట్టించిన వంటగట్టు, రేపు వాకరుతో నిలబడే మనిషికి నడుము వంచి పనిచేసే బాధగా మారవచ్చు.

తలుపుల విషయం మాత్రం ఆలస్యం చేయవద్దు. వీల్‌చైరు వెడల్పు సాధారణంగా 24 నుంచి 27 అంగుళాలు ఉంటుంది. చక్రాలు తిప్పే చేతులకూ చోటు కావాలి కనుక ద్వారంలో 32 అంగుళాల ఖాళీ ఉండాలి. చాలామంది ద్వారబంధాన్ని ఇటు చివర నుంచి అటు చివరకు కొలిచి, సరిపోతుందనుకుని మోసపోతారు. తలుపును బాగా తెరిచి, రెక్క ముఖం నుంచి ఎదుటి ద్వారబంధం దాకా కొలవండి, ఎందుకంటే తెరిచిన రెక్క మందమే అంగుళానికి పైగా చోటు తినేస్తుంది. చాలకపోతే, రెక్క ద్వారాన్ని దాటి పక్కకు తొలగిపోయే రకం బందులు బిగిస్తే, గోడను ముట్టుకోకుండానే సుమారు రెండు అంగుళాలు కలిసివస్తాయి. ర్యాంపుకు ప్రతి అంగుళం ఎత్తుకూ 12 అంగుళాల పొడవు అవసరం. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగులు. చెక్కతోనో లోహంతోనో చేసిన తాత్కాలిక ర్యాంపు ఇప్పటికి చాలు.

స్నానాలగదిలో ఊతగా పట్టుకునే చేతి కమ్మీలను 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, గోడలోకి దిగే బోల్టులతో బిగించాలి. రబ్బరు కప్పుతో అతుక్కునే వాటికి మనిషి బరువు అప్పగించకూడదు. మంచం ఎత్తు కుర్చీ సీటుతో సమానంగా ఉంటే అటూ ఇటూ జరగడం తేలిక. మంచాన్ని గోడకు ఆనించవద్దు. స్పర్శ తగ్గిన శరీరాన్ని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడకపుండ్లు పడతాయి, తిప్పే మనిషికి రెండు వైపులా చోటు ఉండాలి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక విభాగాన్ని మొదలుపెట్టిన లుడ్విగ్ గుట్‌మన్ పట్టుబట్టి అమలు చేయించిన పద్ధతి ఇదే. అంతకుముందు ఇలాంటి దెబ్బ తగిలినవారిలో ఎందరినో ఆ పుండ్లూ మూత్రపు ఇన్ఫెక్షన్లూ బలితీసుకునేవి. కాళ్లకు వేడి తెలియకపోవచ్చు కాబట్టి గీజరును 49 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి.

ఆరేళ్లుగా వీల్‌చైరులో ఉన్న ఒకరు

ఈ చర్చలో ఇంతవరకు ఆ అన్నయ్యను ఎవరూ అడగలేదు. నేను ఇంటికి వచ్చేసరికి మావాళ్లు హాలంతా సిద్ధం చేసి ఉంచారు. ఎంతో ప్రేమతో చేశారు. మంచం సరిగ్గా వీధి తలుపుకు ఎదురుగా ఉండేది. తలుపు తీసిన ప్రతివారికీ ముందు కనబడేది నేనే. నాలుగు గంటలకోసారి క్యాథెటర్, అంటే మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం, వేసుకోవాలి. మూత్రాశయం నిండిన సంగతి నా శరీరం నాకు చెప్పదు కనుక, పరామర్శకు వచ్చినవారు లేచి వెళ్లేదాకా ఆగుదామంటే కుదరదు. తెర కట్టారు. తెర చూపును ఆపింది గానీ శబ్దాన్నీ వాసననూ ఆపలేదు. ఆ నెలల్లో కాళ్లు పోయిన దుఃఖం కన్నా, తలుపు వేసుకోలేని దుఃఖమే నన్ను ఎక్కువగా కుంగదీసింది.

నా బట్టలన్నీ మేడ మీదే ఉండిపోయాయి. చొక్కా మార్చుకోవాలన్నా ఒకరిని పిలవాలి. బీరువాలో బట్టలు తగిలించే కడ్డీని కూర్చున్న నా చేతికి అందేలా దించమన్నది నేను అడిగిన మొదటి మార్పు. అన్ని కొలతలు రాసుకున్న మావాళ్ల కాగితంలో ఆ ఒక్కటీ లేదు. వదినగారు చెప్పినదాంట్లో నాకు ఈ న్యాయం కనబడుతోంది.

తల్లికి సేవ చేసిన ఒకరు

మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. హాల్లో మంచం వద్దన్న మాటను ఒప్పుకుంటున్నాను. అయినా మా అమ్మను ముందుగా అడిగి ఉంటే, మనకు భారం కాకూడదని, "నాకేమీ వద్దు" అనే చెప్పి ఉండేది. అడిగి తీరాలి, నిజమే. కానీ స్నానాలగది కమ్మీ దగ్గర ఆమె వద్దన్నా నేను ఆగను. పడిపోయాక లేవదీసేది ఇంట్లోవాళ్లే, అప్పుడు దెబ్బ తినేది వాళ్ల నడుములు కూడా.

ప్రశ్న అడిగినవారు

నిన్న టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, ఫొటోలు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. స్నానాలగది ద్వారం ఖాళీ 27 అంగుళాలు, అన్నయ్యకు ఇవ్వబోయే కుర్చీ 25. చేతులు గీసుకుపోవడం ఖాయం కాబట్టి బందులు మార్పించి, తలుపును బయటికి తిప్పిస్తున్నాను. గోడ పగలగొట్టే ఆలోచన ఆరు నెలలు పక్కన పెట్టాను. మంచం హాల్లో కాకుండా, కింద సామాను పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేసి అందులో వేయిస్తున్నాము. మంచానికి ఒక పక్క చోటు తక్కువవుతుందని నాకు బెంగగానే ఉంది. కానీ దానికి తలుపుంది.

ఫొటోలన్నీ చూశాక అన్నయ్య ఒక్కటే అడిగాడు, ఆ గదికి లోపల గడియ ఉందా అని. అవసరమైతే బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టిద్దామని నేనన్నాను. అలాంటిదైతే ఆయనకు గడియ ఉన్నట్టే కాదని వదిన అన్నారు. ఆ విషయం మా ముగ్గురి మధ్య ఇంకా తేలలేదు. గడియ ఎత్తు మాత్రం తేల్చుకున్నాము. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేయి చాచమని, నేల నుంచి వేళ్ల దాకా టేపు పెట్టాను. 41 అంగుళాలు వచ్చింది. వడ్రంగికి ఆ అంకె రాసి ఇచ్చాను.