600 పైపు వేసినా కాలనీ మునుగుతుంది, 900 వేస్తే నీళ్లు పోతయా?

లేన్4_సెక్రటరీ: అన్నలూ తెలిసినోళ్లు ఎవరైనా చెప్పండి, రాత్రంతా నిద్ర లేదు. మాది హైదరాబాద్ శివార్లలో. పోయిన ఎండాకాలం కాలనీ అంతా వాన నీళ్లకని 600 ఎంఎం వ్యాసం సిమెంటు హ్యూమ్ పైపు వేయించినం, ఇంటింటికీ పైసలు కూడా వసూలు చేసినం, అయినా నిన్న సాయంత్రం గంట వాన పడంగనే మళ్లీ మోకాళ్ల లోతు, సెల్లార్ల మోటర్ పెట్టి తోడుతుంటే తోడినన్ని మళ్లొస్తున్నయ్. కాంట్రాక్టర్‌ని అడిగితే పైపు చిన్నగైంది, 900 వేయాలె అని ఇంకో కొటేషన్ చేతుల పెట్టిండు. రేపు కమిటీ మీటింగ్. 900 వేస్తే పోతయా పోవా, అదొక్కటి చెప్పండి చాలు.

రిటైర్డ్_ఏఈ: అవుట్‌ఫాల్, అంటే పైపు నీళ్లు బయట పడే మూతి, ఎక్కడ?

చెరువుగట్టు: పైపుల సంగతి తర్వాత బ్రదర్, ముందు మీ లేఅవుట్ ఏ చెరువు కింద ఉందో చూసుకోండి. మన దగ్గర పాతకాలం నుంచి గొలుసుకట్టు చెరువులు, పైది నిండితే అలుగు పారి కింది చెరువులో పడేది, మధ్యలో ఆ వాగు దారిలోనే మనం ప్లాట్లు కొన్నాం. 1908లో మూసీ పొంగితే విశ్వేశ్వరయ్యని పిలిపించి పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మరి ఇప్పుడో? 2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్లు 2003లోనే నాలాలు వెడల్పు చెయ్యమని రిపోర్ట్ ఇస్తే ఎవడు పట్టించుకున్నాడు, 2020 అక్టోబర్‌లో ఏమైందో అందరం చూశాం. ఎఫ్‌టీఎల్ మ్యాప్ (చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించేది) తీసి చూడండి, అందులోనే తెలిసిపోతుంది.

లేన్4_సెక్రటరీ: అన్నా మాకు అన్ని పర్మిషన్లు ఉన్నయ్. నేనడిగింది పైపు సైజు.

లెక్కల_మాస్టారు: ఏరియా ఎంత? రోడ్లు సీసీనేనా?

లేన్4_సెక్రటరీ: పన్నెండు ఎకరాలు. అంతా సీసీనే, మట్టి ఎక్కడా కనపడదు.

లెక్కల_మాస్టారు: సరే, సుమారు ఐదు హెక్టార్లు. అంతా సీసీ, స్లాబులే కాబట్టి పడ్డదాంట్లో 80 శాతం రోడ్డు మీదకే వస్తుందనుకుందాం. గంటకి 50 ఎంఎం చొప్పున వాన పడితే సెకనుకి 550 లీటర్ల దాకా వస్తాయి. 600 పైపు 300 మీటర్లకి ఒక మీటరు వాలుతో ఉంటే నిండుగా పారినా 350 లీటర్లే. అదే వాలుతో 900 అయితే వెయ్యి దాటుతుంది, అంటే వ్యాసం ఒకటిన్నర రెట్లు పెంచితే మోసే నీళ్లు దాదాపు మూడు రెట్లు. కాబట్టి కాగితం మీద మీ కాంట్రాక్టర్ మాట కరెక్టే. వాలు మాత్రం నేను అనుకున్నదే, మీ దగ్గర ఎంత ఇచ్చారో తెలియాలి. వాన నీళ్ల లైన్ల మీద కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ 2019ది ఉంది, పద్ధతంతా అందులో ఉంటుంది.

లేన్4_సెక్రటరీ: అట్లయితే 900 ఫైనల్?

రిటైర్డ్_ఏఈ: అవుట్‌ఫాల్ ఎక్కడ అని అడిగిన.

సాయి_ప్లంబింగ్: అన్నా డ్రైనేజీ జామ్ అయినట్టుంది, జెట్టింగ్ మిషన్ పిలిపించుండ్రి, గంటలో క్లియర్.

రిటైర్డ్_ఏఈ: డ్రైనేజీ కాదు. ఇది వాన నీళ్ల లైను.

సాయి_ప్లంబింగ్: రెండూ ఒకటే కదా సార్, నీళ్లు పోయేదే కదా.

రిటైర్డ్_ఏఈ: ఒకటి కాదు. బాత్రూం నీళ్లు పోయే లైను వేరు. రెండూ కలిపేస్తరు గనకనే వాన పడ్డప్పుడు సెల్లార్ల కంపు.

సాయి_ప్లంబింగ్: మా గల్లీలో అందరం దాన్నే డ్రైనేజీ అంటం, ఎవరికీ ప్రాబ్లం రాలే. మీరు పేర్లు సరిచేస్తుండ్రు, ఆయన ఇంట్ల నీళ్లు.

లేన్4_సెక్రటరీ: కొట్లాడకుండ్రి. రెండు మూడిండ్లోళ్లు బాత్రూం లైను దీంట్లకే కలిపిండ్రు, అది నిజమే. అవుట్‌ఫాల్ అంటే ఇంకెక్కడ సార్, పక్కన పెద్ద నాలా ఉంది కదా, కల్వర్టు కాడ దాంట్లనే. నిన్న నాలా కల్వర్టు స్లాబ్‌ని తాకుతుండె, మా పైపు మూతి కూడా కనపడలే.

రిటైర్డ్_ఏఈ: ఇది మొదట్లనే చెప్పాలె. మూతి మునిగినంక 900 వేసినా 1200 వేసినా నాలా నీళ్లే లోపలికొస్తయ్. పెద్ద పైపుల ఇంకా ఎక్కువొస్తయ్.

సింగ్‌నగర్_వాసి: అవునండీ, మా విజయవాడలో 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు కాలవల్లోంచి నీళ్లు వెనక్కి తన్నాయి. డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి, ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి ఉండిపోయాయి. మీది అంత కాదులెండి.

లెక్కల_మాస్టారు: ఒక పని చేయండి. ఈసారి వాన పడేటప్పుడు మ్యాన్‌హోల్ మూత తెరిచి చూడండి. రోడ్డు మీద నీళ్లుండి పైపు సగం ఖాళీగా ఉంటే లోపలికి దిగే దారి లేదని. పైపు నిండి పైకి తంతుంటే అవుట్‌ఫాల్ దగ్గర తేడా, లేదా పైపు చాలట్లేదని.

లేన్4_సెక్రటరీ: మా లేన్ల మూత తెరిచే పనే లేదు, అదే లేచి పక్కన పడ్డది. లేన్ 1ల మాత్రం విచిత్రం, రోడ్డంతా నీళ్లు, చాంబర్ల చూస్తే అడుగున జానెడే పారుతున్నయ్.

లెక్కల_మాస్టారు: అక్కడ జాలీ మూతలు ఉన్నాయా?

లేన్4_సెక్రటరీ: అన్నీ గట్టి మూతలే. రోడ్డు పక్కన ఒక్క జాలీ ఉంది, దాని మీద పాల ప్యాకెట్లు, కొబ్బరి చిప్పలు, పైనుంచి సీసీ పోసేటోళ్లు సగం మూసేసిండ్రు.

రిటైర్డ్_ఏఈ: లేన్ 1కి పైపు మార్చే పని లేదు. ఇరవై ముప్పై మీటర్లకొక క్యాచ్‌పిట్ (రోడ్డు నీళ్లు పైపులకి దిగే గుంత), జాలీ పెట్టించు. నీ లేన్‌కి మూతి కాడ ఫ్లాప్ గేట్, నాలా నీళ్లు లోపలికి రాకుండ మూసుకునేది. కానీ గేట్ మూసుకున్నంత సేపు మీ కాలనీ నీళ్లు కూడా బయటికి పోవు, అందుకని సంపు కట్టి డీజిల్ పంపు పెట్టాలె. ముందు లెవెల్ మిషన్‌తో పైపు అడుగు, నాలా అడుగు, రోడ్డు లెవెల్ కొలిపించు. బాత్రూం లైన్లు తీసెయ్. కొలిచేదాకా కొటేషన్ మీద సంతకం పెట్టకు.

చెరువుగట్టు: నాలా ఎందుకు నిండుతుందో కూడా ఆలోచించండి. కింద దాన్ని ఎంత కుదించారో చూడండి. అందుకే ఎఫ్‌టీఎల్ మ్యాప్ అన్నా.

సాయి_ప్లంబింగ్: ఈయన మళ్లా మొదలు పెట్టిండు.

లేన్4_సెక్రటరీ: సరే సార్, లెవెల్ తీసేటోళ్లని రేపే పిలుస్తా. కరెంటు పోయింది, మోటర్ బంద్ అయింది, పోతున్న. థాంక్స్.

కొత్త_సభ్యుడు: అన్నా 900 వేస్తే ఆ పాత 600 పైపులు అమ్ముతారా? మా పొలం కాడ దారికి కల్వర్టు వేయాలి.